మా నాయన దువా తెలుగులో ఉండేది

బెంగళూరు నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. ఆమెది అనంతపురం జిల్లాలో ఒక పల్లె, దూదేకుల కుటుంబం. పుట్టింట్లో మాట తెలుగే. తండ్రి పేరు చివర ‘అప్ప’ ఉంటుంది. ఆయన పరుపులు కుట్టేవారు, వాన పడితే వేరుశనగ వేసేవారు. తొమ్మిదేళ్ల కిందట పెళ్లయి ఆమె ట్యానరీ రోడ్డు వైపు కాపురానికి వచ్చారు. అత్తవారింట్లో ఉర్దూ. ఖుర్ఆన్ మొదటి సూరా (అధ్యాయం) ఫాతిహా, ఇంకో నాలుగు చిన్న సూరాలు చిన్నప్పుడు జేజి చెబుతుంటే విని నేర్చుకున్నారు. మరిచిపోకుండా వాటిని ఒక నోటు పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసి పెట్టుకున్నారు. అరబ్బీ అక్షరాలు రావు.

పోయిన రంజాన్‌లో ఒక రాత్రి చుట్టుపక్కల ఆడవాళ్లంతా వాళ్లింట్లో చేరారు. తలా ఒక సూరా చదువుతుంటే ఈమె వంతు వచ్చింది. ‘కుల్ హువల్లాహు అహద్’ అన్నారు. మదరసాలో చదువుకున్న ఒకావిడ ఆపి, ‘కుల్ అంటే తిను అని అర్థం, సరిగ్గా పలకండి’ అంది. అందరూ నవ్వారు. పక్కనే కూర్చున్న ఎనిమిదేళ్ల కూతురు కూడా నవ్వింది.

ఆ పాప రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత హజ్రత్ (ఖుర్ఆన్ నేర్పే గురువు) దగ్గరికి ఖుర్ఆన్ చదవడానికి వెళ్తుంది. అమ్మ కంటే బాగా చదువుతుంది. ఒకరోజు అర్థం అడిగితే ఈమె తెలుగు ఖుర్ఆన్ తీసి చదివి వినిపించారు. భర్త చూసి, ‘ముందు చదవడం రానీ, తెలుగులో చదివితే ఏం సవాబు (పుణ్యం)?’ అన్నారు. అప్పటి నుంచి ఆ పుస్తకం బీరువాలో చీరల కింద ఉంటోంది. ఆయన ఇంట్లో లేనప్పుడు తల్లీకూతుళ్లు తీసి చదువుకుంటున్నారు. అత్తగారు మాత్రం పాపతో, ‘మీ అమ్మను అడక్కు, ఆమెకు దీన్ (మతం) రాదు’ అంటున్నారు.

‘ఈ వయసులో నాకు అరబ్బీ వస్తుందా? పాపకు తెలుగులో చెప్పడం మానెయ్యాలా?’ అని అడిగారు. ఉత్తరం చివర ఇంకో నాలుగు ముక్కలు రాశారు: ‘మా నాయన పోయి ఏడాది అవుతోంది. ఆయనకు అరబ్బీ రాదు. దువా (ప్రార్థన) అంతా తెలుగులోనే చేసేవాడు. అది అల్లాకు చేరలేదంటారా?’

జవాబు:

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు అరబ్బీ గురించి రాశారనుకున్నాను. రెండోసారి చదివితే ఆ రాత్రి నవ్వే ఎక్కువ వినిపించింది, అందులోనూ పాప నవ్వు. కాబట్టి ముందు రెండు సంగతులు విడదీసుకుందాం. ఇస్లాంలో అరబ్బీకి ఉన్న స్థానం ఒకటి. మీ ఇంట్లో ఎవరి భాష పైమెట్టు, ఎవరిది కిందిమెట్టు అన్నది ఇంకొకటి. ఈ రెండోది మొదటిదాని పేరు చెప్పుకుని మీ ఇంట్లో పెత్తనం చేస్తోంది.

నేనూ తెలుగు మాట్లాడే ముస్లిం ఇంటి బిడ్డనే. ఖాయిదా, అంటే అరబ్బీ అక్షరాల పుస్తకం, చేతపట్టింది నలభై దాటాక. నేను ఆలిమాను (మత పండితురాలిని) కాను, ఫత్వా (మత తీర్పు) చెప్పే అర్హత నాకు లేదు. ఫిఖ్ (మత నియమాల) సందేహాలుంటే మీరు నమ్మే ఆలిమ్‌నే అడగండి. ఇంటి చిక్కు విప్పడానికి మాత్రం నాకు చేతనైనంత చెబుతాను.

అరబ్బీని తక్కువ చేసి మీకు ఊరట ఇవ్వలేను. యూసుఫ్ సూరా రెండో ఆయతులో (వాక్యంలో), మీరు అర్థం చేసుకోవాలని దీన్ని అరబ్బీ ఖుర్ఆన్‌గా దింపామని ఉంది. అనువాదం ఎంత గొప్పదైనా ముస్లింలు దాన్ని ఖుర్ఆన్ అనరు, ఖుర్ఆన్ భావం అంటారు. హైదరాబాదులో నిజాం కొలువు చేసిన పిక్తాల్ 1930లో ఇంగ్లీషు అనువాదం తెచ్చినప్పుడు పుస్తకం పేరులోనే ‘భావం’ అన్న మాట పెట్టుకున్నారు. రోజుకు ఐదు పూటల ఫర్జ్ (తప్పనిసరి) నమాజులో 17 రకాతులు (ఆవృత్తులు), ప్రతి రకాతులో 7 ఆయతుల ఫాతిహా. ట్యానరీ రోడ్డులో మీరు చదివే ఆ మాటలనే చెన్నై ట్రిప్లికేన్‌లో తమిళం మాట్లాడే ఆమె, ఇండోనేషియాలో వరి నాట్లు వేసే ఆమె చదువుతారు. ఒకరి మాట ఒకరికి ఒక్కటీ తెలియని మనుషులు పక్కపక్కన నిలబడితే ఆ ఏడు ఆయతుల సేపు అందరిదీ ఒకే మాట. మన నాయనమ్మలు అర్థం తెలియకపోయినా దాన్ని ఎందుకు అంత గట్టిగా పట్టుకున్నారో నాకు హజ్ నుంచి వచ్చినవాళ్లు చెబుతుంటే తెలిసింది.

దీన్ని వదిలి చూసినవాళ్లూ ఉన్నారు. టర్కీలో 1932 నుంచి 1950 దాకా అజాన్ (నమాజు పిలుపు) టర్కిష్ భాషలో ఇచ్చారు. 1950లో ఆంక్ష ఎత్తేయగానే జనం అరబ్బీ అజాన్‌కే తిరిగి వచ్చారు. ఫిఖ్ పండితుడు ఇమామ్ అబూ హనీఫా ఒకప్పుడు నమాజులో ఫారసీలో చదవడానికి కూడా వీలిచ్చారని ఫిఖ్ గ్రంథాలు చెబుతాయి. ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఆ వీలును అరబ్బీ పలకలేనివాళ్ల వరకే ఉంచారు. చివరికి ఆయన కూడా ఆ మాటకే వచ్చారంటారు. అవమానం మీద కోపంతో ‘నాకు అరబ్బీయే వద్దు’ అనుకోవడం మీ చేతిలో ఉన్న ఒక దారే. కానీ అలా చేస్తే ఆ రాత్రి నవ్వినవాళ్లకు జరిగే నష్టం ఏమీ ఉండదు. మీ జేజి మీకిచ్చింది మాత్రం పోతుంది.

ఇక ఆ ‘కుల్’ సంగతి. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. అరబ్బీలో రెండు అక్షరాలున్నాయి, కాఫ్, ఖాఫ్. కాఫ్ మన ‘క’. ఖాఫ్ మనకు లేదు. ‘క’ అన్నప్పుడు నాలుక వెనక భాగం అంగిలికి తగులుతుంది కదా, ఖాఫ్‌కు ఇంకా లోపలికి వెళ్లి కొండనాలుక దగ్గర తగలాలి. గొంతులో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తే గరగరమనే చోటుంటుందే, ఆ దరిదాపుల్లో. ఖాఫ్‌తో అంటే ‘చెప్పు’, కాఫ్‌తో అంటే ‘తిను’. అలాగే ‘కల్బ్’ అన్న మాట ఖాఫ్‌తో అంటే గుండె, కాఫ్‌తో అంటే కుక్క. తెలుగులో ఇవి ఎలా రాస్తారు? నేను ఇక్కడ ‘ఖ’ వాడుతున్నాను. కానీ ‘ఖే’ అని ఇంకో అక్షరం ఉంది, దానికీ ‘ఖ’నే వెయ్యాలి. మీ నోటు పుస్తకం మిమ్మల్ని ఇక్కడిదాకా తెచ్చింది, ఇక ముందుకు తీసుకెళ్లలేదు. అది మీ తప్పు కాదు, మన లిపిలో ఆ గళ్లు లేవు. ఖుర్ఆన్‌ను వేరే లిపిలో రాయడానికి ఉలమాలు (మత పండితులు) చాలామంది ఒప్పుకోకపోవడానికి ఇదొక కారణం.

ఒక మాట మీ చెవిలో వేస్తాను, ఎవరి మీదా ప్రయోగించకండి. దక్కనీ ఉర్దూ మాట్లాడేవాళ్ల నోట్లో కూడా ఖాఫ్ నిలవదు, ‘ఖే’ అయిపోతుంది. హైదరాబాదులోనైనా, బెంగళూరులోనైనా అంతే. తెలుగు గొంతు దాన్ని ఒక పక్కకు లాగితే దక్కనీ గొంతు ఇంకో పక్కకు లాగుతుంది. ఉర్దూ వచ్చినంత మాత్రాన అరబ్బీ వచ్చినట్టు కాదు. మనం రోజూ అనే నమాజు, రోజా, ఖుదా అరబ్బీ మాటలు కావు, ఫారసీ నుంచి వచ్చినవి. అరబ్బీలో నమాజు సలాత్, రోజా సౌమ్. అరబ్బీ వ్యాకరణానికి మూలగ్రంథం రాసిన సీబవైహ్ అరబ్బు కాదు, పారశీకుడు. హదీసులు, అంటే ప్రవక్త మాటలు, చేతల కథనాలు కూర్చిన ఇమామ్ బుఖారీది మధ్య ఆసియాలోని బుఖారా. అరబ్బుకు అరబ్బు కానివాడి మీద ఆధిక్యం లేదని చివరి హజ్ ప్రసంగంలో ప్రవక్త చెప్పిన మాట మీకు తెలిసే ఉంటుంది.

అసలు ముస్లిం అంటే ఉర్దూ అన్న లెక్క మన వైపే ఎక్కువ. రైలెక్కి చెన్నై వెళ్లండి, అక్కడ తమిళ ముస్లింకు తన తమిళం గురించి సిగ్గు కనబడదు. పదిహేడో శతాబ్దంలో ఉమరుప్పులవర్ ప్రవక్త జీవితాన్ని తమిళ కావ్యంగా రాశారు. అరబ్బీ లిపిలో తమిళం రాసుకోవడానికి ‘అర్వీ’ అనే పద్ధతి పెట్టుకుని, తమిళ శబ్దాలకు చాలని అక్షరాలను కొత్తగా చేర్చుకున్నారు. కేరళలో మలయాళానికీ అలాంటిదే ఉంది. మనకేమీ లేదా అంటే, ఖుర్ఆన్‌ను తొలిసారి తెలుగులోకి తెచ్చినవారు చిలుకూరి నారాయణరావు గారు. మీ అనంతపురంలోనే కళాశాలలో తెలుగు చెప్పినవారు, హిందువు. చీరల కింద దాచిన ఆ పుస్తకానికి మీ జిల్లాలోనే అంత చరిత్ర ఉంది.

ఈ వయసులో వస్తుందా అన్నారు. వస్తుంది. ఉన్నవి 28 అక్షరాలు. ఖుర్ఆన్‌ను తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు రెట్ల ప్రతిఫలమని ప్రవక్త భార్య హజ్రత్ ఆయిషా చెప్పిన హదీసు ‘బుఖారీ’, ‘ముస్లిం’ అనే రెండు హదీసు గ్రంథాల్లోనూ ఉంది. ఎలా నేర్చుకోవాలన్న దగ్గర మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు. చుట్టుపక్కల ఇళ్లల్లో ఆడవాళ్లకు చెప్పే ఆపాలు ఉంటారు, వెతుక్కోండి. తెలియని మనిషి ముందు తప్పు చేయడం సులువు, దిద్దించుకోవడం ఇంకా సులువు. అయితే రోజూ అరగంట ఇల్లు వదిలి వెళ్లాలి, దానికి ఇంట్లో ఒప్పించుకోవాలి. రెండోది, పాప దగ్గరే నేర్చుకోవడం. నేను మొదట మా అబ్బాయి ఖాయిదాతోనే ‘అలిఫ్ జబర్ ఆ, అలిఫ్ జేర్ ఈ’ అంటూ మొదలుపెట్టాను. నాకు చెప్పాల్సి వస్తుందని వాడూ జాగ్రత్తగా చదివాడు. పాప నవ్విన నవ్వు మీ మనసులోంచి పోవాలన్నా ఇదే మంచి మందు. కానీ ఒక జాగ్రత్త ఉండాలి. ‘చూశావా, మీ అమ్మకు నువ్వే చెప్పాలి’ అని పెద్దవాళ్లు పాపను ఎగదోసే ఇల్లయితే, కొంతకాలం తలుపు వేసుకునే చదువుకోండి.

మూడోది మీకు నచ్చకపోవచ్చు. అత్తగారినే అడగడం. ‘నాకు ఖాఫ్ నేర్పండి’ అని. ఆమె తరంలో చాలామంది ఆడవాళ్లు నాజిరా, అంటే చూసి చదవడం వరకే నేర్చుకున్నారు. అర్థం ఎవరూ చెప్పలేదు. ‘దీన్ రాదు’ అని మిమ్మల్ని అంటున్నావిడకు తనకు తెలియనిదాని బాధ కూడా ఉండి ఉండొచ్చు. అడిగితే ఆమె మెత్తబడవచ్చు. లేదా మీ మీద ఇంకో మెట్టు ఎక్కి కూర్చోవచ్చు. ఆమె ఎలాంటి మనిషో మీకే తెలుసు, కాబట్టి ఈ దారి మీకే వదిలేస్తున్నాను. ఒకటి మాత్రం ఏ దారిలోనైనా తప్పదు. పాప ముందు ‘మీ అమ్మకు దీన్ రాదు’ అన్న మాట ఆగాలి. మీ ఇద్దరే ఉన్నప్పుడు, గొంతు పెంచకుండా, ‘నాకు రానిది నాకు చెప్పండి, దాని ముందు వద్దు’ అని చెప్పండి. ఆగకపోతే మీ ఆయన చేత చెప్పించండి. రేపు ఆ పాప పరీక్షల్లో, పెళ్లి విషయంలో, దేని గురించైనా మీ మాట వినాలా వద్దా అన్నది ఇక్కడే తేలుతుంది.

మీ ఆయన మాటలో సగం నిజం ఉంది. కొన్ని సూరాల మొదట్లో వచ్చే అలిఫ్ లామ్ మీమ్ చదివితే అది ఒక్క అక్షరం కాదు, మూడు, ఒక్కోదానికీ పుణ్యం అని తిర్మిజీ గ్రంథంలోని హదీసు. ఆ మూడక్షరాల అర్థం ఏ పండితుడూ తేల్చి చెప్పలేదు, అయినా సవాబు ఉంది. అంటే అర్థం తెలియకుండా చదవడం వృథా కాదు. మిగతా సగం కూడా ఖుర్ఆన్‌లోనే ఉంది. సాద్ సూరా 29వ ఆయతు, ఈ గ్రంథాన్ని దింపింది దీని ఆయతుల గురించి జనం ఆలోచించాలని అంటుంది. ఎనిమిదేళ్ల పిల్ల తనంతట తాను ‘దీనికి అర్థం ఏంటి’ అని అడిగిందంటే, ఆ పని మొదలుపెట్టేసినట్టే కదా.

మీ అత్తవారింట్లో ఉర్దూ అర్థంతో ఉన్న ఖుర్ఆన్ ఉండే ఉంటుంది. ఢిల్లీలో షా వలీయుల్లా ఫారసీలోకి, ఆయన కొడుకులు షా రఫీయుద్దీన్, షా అబ్దుల్ ఖాదిర్ ఉర్దూలోకి తెచ్చారు. ఇదంతా పద్దెనిమిదో శతాబ్దం, ఆ చుట్టుపక్కల మాట. ఉర్దూలో అర్థం చదవడం తప్పు కానప్పుడు తెలుగులో ఎలా తప్పవుతుంది? ఇది ఆయనతో వాదనగా వెయ్యకండి, అన్నం దగ్గర అసలే వద్దు. ఒక రాత్రి పాప చదువుతుంటే పక్కన కూర్చోబెట్టి, ‘మీరు ఉర్దూలో చెప్పండి, నేను తెలుగులో చెబుతాను’ అనండి. ఒప్పుకుంటే పాపకు రెండు నోళ్ల నుంచి అర్థం అందుతుంది. ‘నాకూ తెలియదు’ అంటే ఇద్దరూ కలిసి చదువుకోవచ్చు. విసుక్కుంటే ఒక పదిరోజులు వదిలి మళ్లీ అడగండి. ఇంతకు మించి లాగితే మాట మొండితనం మీదికి వెళ్తుందని నా భయం. హజ్రత్‌ను కలిసి, పాపకు అర్థం కూడా చెబుతారా అని అడిగినా మంచిదే. మీ ఆయనకు ఆ నోటి నుంచి వచ్చే మాట బరువుగా ఉండొచ్చు.

ఏమైనా ఆ పుస్తకాన్ని మాత్రం చీరల కింద నుంచి తీయండి. పాప దాన్ని దాచే చోటు చూసింది, నాన్న వచ్చే లోపు మూసేయాలని నేర్చుకుంది. అల్లా మాట తెలుగులో ఉంటే అది దాచుకోవాల్సిన పని అని ఎవరూ నోటితో చెప్పకుండానే ఆ పిల్లకు తెలిసిపోతోంది. బడిలో ఇంగ్లీషు, కన్నడం, నానమ్మ దగ్గర ఉర్దూ, హజ్రత్ దగ్గర అరబ్బీ. ఆ నాలుగింటికీ చెప్పేవాళ్లు ఉన్నారు. తెలుగుకు మీరొక్కరే. అలమారాలో అరబ్బీ ఖుర్ఆన్‌ను ఎత్తులో ఉంచి, దాని కింది అరలో అందరికీ కనబడేలా తెలుగుది పెట్టండి. ఇది ఇంట్లో చిన్న గొడవ తేవచ్చు, తెలిసే చెబుతున్నాను. దాచినందువల్ల జరిగేదాని కంటే ఆ గొడవ చిన్నది.

ఆ తెలుగుకు అరబ్బీ అనుకున్నంత దూరం కూడా కాదు. పైన ‘జవాబు’ అని రాశానే, అది అరబ్బీ మాటే. హక్కు, కబురు, హాజరు, బాకీ, అసలు, ఇనాము కూడా. మీ నాయన పరుపుల లెక్కలో ‘బాకీ’ అని రాసుకున్న ప్రతిసారీ అరబ్బీ మాటే రాశారు.

ఆయన దువా గురించి చివర్లో అడిగారు, నేనూ చివరికే ఉంచుకున్నాను. నమాజు వెలుపల దువా ఏ భాషలోనైనా చేసుకోవచ్చు. ఇందులో పండితులకు పెద్దగా పేచీ లేదు. ఏ ప్రవక్తను పంపినా ఆ జాతి భాషలోనే పంపామని ఇబ్రాహీమ్ సూరా, మీ భాషల్లో రంగుల్లో ఉన్న తేడాలు ఆయన సూచనలని రూమ్ సూరా చెబుతున్నాయి. ఏ ప్రాణి మీదా మోయలేని బరువు పెట్టడని బఖరా సూరా చివరి ఆయతు. ఉత్తరంలో ఆయన మాటలు మీరు ఉన్నదున్నట్టు రాశారు: ‘అల్లా సామీ, వాన కురిపీ. బిడ్డలు సల్లగుండల్ల. ఒకర్ని చెయ్యి సాపి అడిగే గతి తేవాకు.’ వాన కోసం ప్రవక్త జుమా (శుక్రవారం) ప్రసంగంలో మింబర్ (వేదిక) మీదే చేతులెత్తి అడిగారని బుఖారీలో ఉంది. బిడ్డ కోసం తండ్రి చేసే దువా తిప్పికొట్టబడని దువాల్లో ఒకటని హదీసు. ఎదుటివారి ముందు చెయ్యి చాపనివ్వకు అన్న కోరిక ఎంతో మంది సాలిహీన్లు (పుణ్యాత్ములు) అడుక్కున్నదే. ఆ మాటలు ఎక్కడిదాకా వెళ్లాయో చెప్పడానికి నేనెవరిని? మీ అత్తగారు కూడా చెప్పలేరు. వినేవాడికి భాష అడ్డమని మాత్రం ఏ గ్రంథంలోనూ లేదు.

మనిషి పోయాక కూడా ఆగని మూడింటిలో, అతని కోసం దువా చేసే మంచి సంతానం ఒకటని ‘ముస్లిం’ గ్రంథంలోని హదీసు. కాబట్టి మీరు అరబ్బీ మొదలుపెట్టాలనుకుంటే ఆ ‘కుల్’ దగ్గర మొదలుపెట్టకండి, బనీ ఇస్రాయీల్ సూరాలో 24వ ఆయతు దగ్గర మొదలుపెట్టండి. ‘రబ్బిర్‌హమ్‌హుమా కమా రబ్బయానీ సగీరా.’ నా ప్రభూ, చిన్నప్పుడు వాళ్లిద్దరూ నన్ను పెంచినట్టే వాళ్లిద్దరి మీద దయ చూపు అని. ఇందులో ‘ర్‌హమ్’ దగ్గర ఆగి, కళ్లద్దాలు తుడుచుకునే ముందు ఆవిరి ఊదుతామే, అలా గొంతు మధ్య నుంచి ‘హ’ రానివ్వండి. రహ్మాన్, రహీమ్, రహ్మత్ అన్నీ ర, హ, మ అనే ఆ మూడక్షరాల్లోంచి పుట్టినవే. తల్లి గర్భానికి అరబ్బీ మాట కూడా వాటిలోంచే వచ్చింది. పాపకు ఇది చెప్పండి, పిల్లలకు ఇలాంటివి పట్టుకుంటాయి. నాయన ఏడాది నాటికి మీ ఇద్దరికీ ఈ ఒక్క ఆయతు చూసి చదవడం వస్తే చాలు. ఆ రోజు అది చదివి, చేతులు దించకుండానే, వాళ్ల తాత వానను ఎలా అడిగేవాడో పాప చేత కూడా అనిపించండి.